విజయనగరపు కాలువలు: శిథిలనగరమున జీవజలము

తుంగభద్రకు దక్షిణతీరమున, నేటి కర్ణాటకమునందలి హంపి, కమలాపురము మొదలగు గ్రామముల పరిసరములలో విజయనగర శిథిలములు పెక్కు మైళ్ల పర్యంతము వ్యాపించి యున్నవి. అచ్చటికి పోవువారు విఠలాలయమును, రాతిరథమును, మహానవమి దిబ్బను జూచి, 1565వ సంవత్సరమున రాక్షసి తంగడి యుద్ధానంతరము నశించిన వైభవమును దలచికొని మరలివత్తురు. ఆ శిథిలముల నడుమ లోయలో పచ్చగా నున్న వరిమళ్లను, అరటితోటలను గూడ వారు చూతురు. కాని వానిని ఆలోచింపరు. ఆ పైరులకు నీరు దెచ్చు కాలువ నిన్న మొన్నటిది కాదు. నగరమును నిర్మించిన ప్రభువుల కాలముననే అది త్రవ్వబడెను. కోట కూలెను, కొలువుకూటము కాలెను, కాలువ మాత్రము ప్రవహించుచునే యున్నది.

ఒకే నగరమున, ఒకే ప్రభుత్వము క్రింద, ఇంచుమించుగ ఒకే కాలమున నిర్మింపబడిన జలాధారములలో కొన్ని యేల నిలిచెను? కొన్ని యేల నశించెను? ఈ ప్రశ్నకు సమాధానము రాళ్లలోనే కాక శాసనములలోను, విదేశీయుల వ్రాతలలోను, సేద్యపు టాచారములలోను వెదుకవలసి యున్నది.

నగరస్థితి

విజయనగరమున్న ప్రదేశము వర్షచ్ఛాయలోనిది. పడమటి కనుమలు నైరృతి మేఘములలోని నీటిని చాలవరకు తామే గ్రహించుటచే ఈ భూమికి వాన స్వల్పము. నేల యంతయు గుండ్లతో నిండిన కొండలు. నడుమనడుమ సన్నని లోయలు. శత్రువులనుండి రక్షణమునకు ఇంతకన్న మంచి తావు లేదు. అన్నమునకు మాత్రము ఇది చాలదు. ఐనను ఆ పడమటి కనుమలలోనే పుట్టిన తుంగయు భద్రయు కూడి యొక్క నదియై ఈ కొండల నడుమనే పోవుచున్నది. వాన యెచ్చటనో కురియును, నీరిచ్చటికి వచ్చును. నగరనిర్మాతలు చేయవలసిన పని, పల్లమున పోవు నదిని ఎత్తునందున్న లోయలలోనికి మరల్చుట.

1535 ప్రాంతమున విజయనగర చరిత్రను వ్రాసిన పోర్చుగీసువాడు నూనిజు ఈ విషయమును స్పష్టముగ తెలిపియున్నాడు. అతని కథనము ప్రకారము, తొలినాళ్లలో నగరమున తోటలు పెంచుటకు తగిన నీరు లేదు. ఉన్న నీరు ఉప్పన. నగరమును వృద్ధి చేయగోరిన యొక రాజు ఐదు లీగుల, అనగా సుమారు 15 మైళ్ల దూరమునుండి నదిని లోనికి దెప్పింప నిశ్చయించి, నదికడ్డముగ పెద్దగుండ్లను వేయించెను. ఏనుగులచే నీడ్పించి వేయించిన యొక్క మహాశిలయే నదిని రాజు చెప్పినట్లు వినునట్లు చేసెనని జనశ్రుతి. ఆ నీటివలన రాజునకు 3,50,000 వరహాలకు మించిన యాదాయము పెరిగెనట. నూనిజు వ్రాతలో రాజనామములు వికృతరూపములను పొందుటచే ఆ రాజు ఎవ్వడన్న విషయమున చరిత్రకారులలో భేదాభిప్రాయములు కలవు. కొందరు రెండవ బుక్కరాయలనియు, కొందరు మొదటి దేవరాయలనియు చెప్పుదురు. ఎట్లైనను 15వ శతాబ్దారంభమునాటికి నది నగరములోనికి వచ్చియుండె ననుట నిశ్చయము. 1443లో వచ్చిన పారసీక రాయబారి అబ్దుర్ రజాక్, కోట ప్రాకారముల నడుమ పొలములును తోటలును ఉండుటను, రాజమందిరప్రాంతమున నున్నగా చెక్కిన రాతికాలువలలో నీరు పారుచుండుటను వర్ణించి యున్నాడు.

నదికట్టలును కాలువలును

తుంగభద్రపై విజయనగరకాలపు ఆనకట్టలు మిక్కిలి యెత్తైనవి కావు. నదిలో సహజముగ నున్న గుండ్లను, లంకలను ఆధారముగ గొని, వాని నడుమనున్న ఖాళీలను మాత్రము పెద్దరాళ్లతో పూడ్చి, నీటిమట్టమును కొంచె మెత్తి కాలువ మొగమునకు త్రిప్పుదురు. కట్ట ప్రవాహమునకు తిన్నగా ఎదురుగ గాక, రాళ్లున్న తావుల ననుసరించి వంకరగను ఏటవాలుగను పోవును. వరద వచ్చినపుడు నీరు కట్టపై పొర్లి పోవును. వరద యుద్ధృతముగ నున్నను కొన్నిరాళ్లు దొర్లిపోవునే కాని కట్ట యంతయు కొట్టుకొని పోదు. దొర్లిన రాళ్లను వేసవిలో మరల పేర్చుకొనవచ్చును. నదిని జయింప బూనక, దానితో సంధి చేసికొనుట ఈ కట్టల లక్షణము.

ఇట్టి కట్టలలో నొకదానినుండి వెడలునది తుర్తుకాలువ. దీనినే శాసనములలోని హిరియకాలువగా పలువురు గుర్తింతురు. హిరియ యనగా కన్నడమున పెద్ద యని యర్థము. ఉత్తరమున నదియొడ్డున నున్న దేవాలయభాగమునకును, దక్షిణమున నున్న రాజభవనభాగమునకును నడుమనున్న లోయలో ఇది ప్రవహించును. కొండల యడుగునంటి, నేలవాలును తప్పక యనుసరించి, అడ్డమువచ్చిన చోట్ల బండను తొలుచుకొని పోవును. వాలు మిక్కుటమైన నీరు గట్లను కోయును. చాలకున్న పూడిక నిలుచును. ఈ రెంటి నడుమనున్న సన్నని దారిని మైళ్లకొలది తప్పక పట్టుకొనుట యానాటి పనివారల నేర్పు. 1900లో విజయనగర చరిత్రను ప్రకటించిన రాబర్టు సూయలు, నూనిజు చెప్పిన కాలువ ఇదియే యగునేని ఇది భారతదేశమునందలి మిక్కిలి యాశ్చర్యకరములైన సేద్యనిర్మాణములలో నొకటి యని ప్రశంసించెను.

కృష్ణదేవరాయల కాలమున ఈ వ్యవస్థ మరింత విరివియైనది. 1521లో కొర్రగల్లు ఆనకట్టయు, బసవన్న కాలువయు నిర్మింపబడెను. రాయకాలువ హోసపేట ప్రాంతమును తడిపి కమలాపురపు చెరువును నింపుచుండెను. నదికి ఉత్తరమున ఆనెగొందివైపున గూడ కాలువ లుండెను. అచ్చట విరూపాపురగడ్డ చెంత రాతికంబములపై నీటిని దాటించిన యొక ప్రాచీనపు వారధికాలువ శిథిలములు నేటికిని నిలిచియున్నవి.

రాజభవనములలోని నీరు

పొలములకు పోవు నీరొక విధమైనది. రాజభవనములకు పోవు నీరు వేరొక విధమైనది. రాజభవనభాగము ఎత్తైన నేలపై నుండుటచే దానికి నదికాలువ నేరుగ నందదు. కావున దక్షిణముననున్న కమలాపురపు చెరువుదిక్కునుండి మట్టిగొట్టముల మూలమునను, కంబములపై నిలిపిన రాతిదోనెల మూలమునను నీటిని కొనివచ్చిరి. మట్టిగొట్టముల నొకదానిలో నొకటి చొనిపి, చుట్టును సున్నపుగచ్చు వేసి, నేలలో పాతిరి. రాతిదోనెలు నేటికిని మహానవమి దిబ్బకు సమీపమున వరుసగ నిలిచి కనబడును.

ఆ దోనెలలో నొకటి పోయి చేరునది మెట్లకోనేరు. ఇది మట్టిదిబ్బల క్రింద మరుగుపడి యుండి 1980ల త్రవ్వకములలో బయల్పడెను. నల్లరాతితో నలుదిక్కుల మెట్లు మెట్లుగా లోనికి దిగిన దీని రాళ్లపై శిల్పులు వ్రాసికొన్న గుర్తులు కలవు. ఏ రాయి యే దిక్కున, ఏ వరుసలో, ఎన్నవదిగ నుండవలెనో ఆ గుర్తులు తెలుపును. అనగా రాళ్లను వేరొకచోట చెక్కి సిద్ధపరచి, ఇచ్చటికి దెచ్చి కూర్చిరన్నమాట. ఇంత శ్రద్ధతో కట్టిన కోనేరు నగరము పడిన వెనుక నీటిబొట్టునకు నోచుకొనక పూడిపోయెను. దోనె నొకచోట విరిచిన చాలును, దానికి నీరు రాదు. దోనెను బాగుచేయించు రాజు లేడు. బాగుచేయుటవలన లాభము పొందు రైతును లేడు.

రాయల చెరువు

విజయనగర జలచరిత్రలో మిక్కిలి ప్రసిద్ధమైనది, మిక్కిలి దుఃఖకరమైనది, కృష్ణదేవరాయలు హోసపేటకు దక్షిణమున రెండుకొండల నడుమ కట్టించిన చెరువు. 1520 ప్రాంతమున నగరమును జూచిన పోర్చుగీసువాడు పాయెసు ఆ పని జరుగుచుండగ స్వయముగ చూచెను. పదునైదువేలో ఇరువదివేలో జనులు చీమలవలె పనిచేయుచుండిరనియు, నేల కనబడకుండెననియు అతడు వ్రాసెను. కొండలపై కురిసిన నీరే కాక, మూడు లీగులకు పైబడిన దూరముననున్న యొక తటాకమునుండి కొండల యడుగున వేసిన గొట్టములగుండ మరికొంత నీరును దీనికి వచ్చుచుండెను. చెరువులో చక్కని శిల్పములు గల మూడు పెద్దకంబము లుండెననియు, పొలములకు నీరు వదలునపుడు వానికి సంబంధించిన గొట్టములు పనిచేయుననియు అతడు చెప్పెను. ఇవి తూముకంబములు కావలెను. రాయలసీమ చెరువులలో నేటికిని ఇట్టి జంటకంబములు చూడవచ్చును. కంబముల నడుమ అడ్డముగ వేసిన రాతిపలకలలో రంధ్రములుండును. వానిగుండ పోవు కొయ్యను పైకెత్తిన తూము తెరచుకొనును, దింపిన మూసికొనును.

ఆ కట్ట పలుమారులు తెగెను. నూనిజు కథనము ప్రకారము, పగలు చేసిన పని రాత్రి కూలుచుండెను. రాజు పెద్దల నడుగగా, దేవతలు తృప్తి నొందలేదనియు, నరులనో గుర్రములనో ఎనుబోతులనో బలి యీయవలెననియు వారు చెప్పిరట. అంతట మరణశిక్షకు పాత్రులైనవారిని ఆ చోట వధింపజేసెనట. పాయెసు గూడ అరువదిమంది నరుల వధను, జంతువుల వధను జెప్పెను. ఇద్దరును ఇంచుమించుగ ఒకే మాట చెప్పుచుండుటచే దీనిని పుక్కిటిపురాణముగ త్రోసివేయుటకు వీలులేదు. చెరువు ఘనతను బొగడువారు దానిక్రింద పడిన ప్రాణములను గూడ లెక్కింపవలెను.

నూనిజు చెప్పిన యన్ని మాటలను మాత్రము అట్లే గ్రహింపరాదు. పోర్చుగీసు రాతిపనివాడు జోవాన్ దెలా పోంతె సున్నము కాల్పింపగా రాజు నవ్వెననియు, ఈ దేశమువారికి కట్టడములలో సున్నము వాడుట తెలియదనియు అతడు వ్రాసెను. ఆ నగరపు గోపురములపై నేటికిని నిలిచియున్న సున్నపు బొమ్మలే ఈ మాటకు ప్రత్యుత్తరము. విదేశీయులు కన్నులార జూచినదానిని నమ్మవచ్చును. ఇతరుల యజ్ఞానమును గూర్చి వారు చెప్పుదానిని పరీక్షింపవలెను.

ఆ చెరువు నిండిన వెనుక దానినుండి కాలువలు త్రవ్వించి, ఆ నీటిక్రింద సాగుచేయు భూములను తొమ్మిదేండ్లవరకు పన్ను లేకుండ ప్రజలకిచ్చిరని నూనిజే చెప్పుచున్నాడు. పిదప ఆదాయము 20,000 వరహాలయ్యెను. కృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదలోని రాజనీతిప్రకరణమున, దేశము చిన్నదైనను చెరువులు కాలువలు త్రవ్వించి, పేదరైతునకు పన్నులో వెసులుబాటు కల్పించినచో ధర్మమును అర్థమును రెండును వృద్ధిపొందునని ప్రబోధించెను. కావ్యమునందలి నీతియు, విదేశీయుని లెక్కయు ఇచ్చట నొకదాని నొకటి బలపరచుచున్నవి. ఇంతటి చెరువు నేడెండిపోయినది. కట్ట మాత్రము కొండల నడుమ నిలిచియున్నది.

శాస్త్రమును పాలనమును

ఈ నిర్మాణములు కేవలము రాజాజ్ఞచేతను కూలివారి చెమటచేతను ఏర్పడినవి కావు. వీనివెనుక నొక శాస్త్రముండెను. దానికి ఉత్తమసాక్ష్యము తెలుగుదేశముననే కలదు. కడపమండలమునందలి పోరుమామిళ్ల చెరువుకట్టపై శా. శ. 1291, అనగా క్రీ. శ. 1369 నాటి సంస్కృతశాసనమున్నది. మొదటి బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు ఉదయగిరిని పాలించుచు ఈ చెరువును కట్టించి దీనికి అనంతరాజసాగరమని పేరిడెను. ప్రతిదినము వేయిమంది కూలివారును, రాళ్లు తోలుటకు నూరుబండ్లును పనిచేయగా రెండేండ్లలో ఇది ముగిసెను. కొండలతో గూడ కట్ట పొడవు 5000 రేఖాదండములు, వెడల్పు 8, ఎత్తు 7.

ఆ శాసనము చెరువునకు పండ్రెండు సాధనములను జెప్పును. ధర్మపరుడును ధనవంతుడును కీర్తికాముడునగు రాజు, జలశాస్త్రము నెరిగిన బ్రాహ్మణుడు, గట్టిబంకనేల, మూడు యోజనముల దూరమునుండి వచ్చు తీయనినీటి నది, చెరువునంటియున్న కొండ, ఆ కొండభాగముల నడుమ మిక్కిలి పొడవు గాక దృఢముగ నుండు రాతికట్ట, ఫలవంతమైన భూమినుండి యెడముగ తిరిగిన కొండకొమ్ములు, లోతును వైశాల్యమును గల గర్భము, తిన్నని పొడుగురాళ్లు దొరకు గని, చేరువనే సమతలమైన సారవంతపు పొలము, కొండచెంత సుడులతో పారు నీటిత్రోవ, పనియందు నేర్పరులగు జనసమూహము. పిదప ఆరు దోషములు చెప్పబడినవి. కట్టనుండి నీరు కారుట, చవుడునేల, రెండు రాజ్యముల యెల్లపై నుండుట, చెరువు నడుమ మిట్ట యుండుట, నీరు తక్కువయై సాగుభూమి యెక్కువగుట, భూమి తక్కువయై నీరెక్కువగుట.

ఈ పట్టికలో మొదటివాడు రాజు, తుదివారు పనివారు. ధనము, విద్య, నేల, నీరు, రాయి, మనుజుడు అన్నియు కూడినగాని చెరువు కాదని దీని భావము. దోషములలో రెండు రాజ్యముల యెల్ల నొక దోషముగ జెప్పుట శాసనకర్తల లోకజ్ఞతను తెలుపును. కట్ట యెంత గట్టిదైనను, దానిని కాపాడు బాధ్యత ఎవ్వరిదో తెలియనిచో అది నిలువదు.

1388 నాటి మరియొక శాసనము పెనుగొండకు సంబంధించినది. కాలువలు చెరువులు కల్పించి ప్రజలను సంరక్షింపవలెనను సంకల్పముతో బుక్కరాయలను రాకుమారుడు జలసూత్రప్రవీణుడగు సింగయభట్టునకు పెన్నానదిని పెనుగొండకు దెమ్మని యాజ్ఞ యిచ్చెను. సింగయభట్టు సిరువెర చెరువువరకు కాలువ త్రవ్వించి దానికి ప్రతాపబుక్కరాయమండలకాలువ యని పేరిడెను. రాజుల పేళ్లే శిలలపై మిగులు కాలమున నొక జలశిల్పి పేరు నిలిచియుండుట విశేషము.

కట్టుట యొకయెత్తు, నిలుపుట యొకయెత్తు. విజయనగరపాలకులు నిలుపుటకు భూమినే యాధారముగ జేసిరి. చెరువును కట్టించినవారికిని బాగుచేయువారికిని దానిక్రింది మాగాణిలో కొంత భాగమును మాన్యముగ నిచ్చుట దశబంధమను పేర రాయలసీమలో వాడుకయై, ఆంగ్లేయుల కాలమునను ఇనాములుగ కొనసాగెను. ఆలయములును ఇందు భాగస్వాములయ్యెను. తిరుమల శాసనములలో, భక్తులు దేవునకు సమర్పించిన ధనముతో దేవస్థానగ్రామములందు చెరువులు కాలువలు త్రవ్వించి, ఆ పెరిగిన పంటనుండి నైవేద్యములు జరుపు నేర్పాటు పలుమారులు కనబడును. దేవుని నైవేద్యము కాలువపూడికతో ముడివడెను. పూడిక తీయకున్న నైవేద్యము జరుగదు.

నిలిచినదియు నశించినదియు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరలవచ్చును. తుర్తుకాలువ నిలిచెను, మెట్లకోనేరు పూడెను. కమలాపురపు చెరువు నిండుచున్నది, రాయలచెరువు ఎండినది. వీని భేదమునకు రెండు హేతువులు కనబడును.

మొదటిది నీటిమూలము. తుర్తుకాలువకు మూలము పడమటి కనుమలనుండి వచ్చు మహానది. కమలాపురపు చెరువునకు రాయకాలువద్వారమున ఆ నదియే యాధారము. రాయలచెరువునకు కొండవాలు నీరును, దూరముననున్న తటాకపు గొట్టములును ఆధారములు. గొట్టములు చెడిన వెనుక మిగిలినది వానచాలని కొండ మాత్రమే. పోరుమామిళ్ల శాసనము నదిని సాధనములలో చేర్చుటయు, నీటికొరతను దోషములలో చేర్చుటయు ఇచ్చట జ్ఞప్తికి దెచ్చుకొనదగినవి. ఎత్తైన చెరువుకట్ట యొకచోట తెగిన చెరువంతయు ఖాళీయగును. పల్లపు నదికట్టలో రాయి దొర్లిన కాలువనీరు కొంత తగ్గును, అంతియే. కాలువలు దీర్ఘకాలము మన్నుటయు, ఎండభూముల చెరువులు తరచుగ పూడి చెడుటయు 1980ల తరువాత విజయనగరపరిసరములను శోధించిన పురాతత్త్వవేత్తలు గూడ గమనించిరి.

రెండవది కాపాడువారి స్వార్థము. రాజభవనపు దోనెలవలన సుఖపడినవారు రాజపరివారము. వారు 1565లో వెడలిపోయిరి. కాలువవలన బ్రతికినవారు రైతులు. వారికి పోవుటకు వేరు తావు లేదు. ప్రభువు మారినను వారు వేసవిలో పూడిక తీయుట మానలేదు. 1800లో బళ్లారి ప్రాంతము ఆంగ్లేయుల కంపెనీ యధీనమైన తరువాతను ఈ కాలువలు పారుచునే యుండెను. 1521 నాటి నిర్మాణములు ఇంకను ఉపయోగమున నున్నవని సూయలు 1900లో వ్రాసెను. సేనలు కోటను నేలమట్టము చేయగలవు. నిత్యము వేయిచేతులు బాగుచేసికొను కాలువను నేలమట్టము చేయుట వారి తరము కాదు.

1945లో ఆరంభమై 1953లో నీరు వదలబడిన తుంగభద్రా జలాశయముతో ఈ చరిత్ర క్రొత్తమలుపు తిరిగెను. ప్రాచీనమైన వల్లభాపురపు ఆనకట్ట ఆ జలాశయగర్భమున మునిగినది. అందుండి వెడలుచుండిన రాయ, బసవన్న కాలువలకు ఇప్పుడు ఆ యానకట్టనుండియే నీరిచ్చుచున్నారు. మూలము మారెను, పేరును ప్రయోజనమును మారలేదు.

1986లో హంపీశిథిలములు ప్రపంచవారసత్వస్థలములలో చేర్చబడెను. అందుచే నొక ధర్మసందేహము కలుగుచున్నది. శిథిలములను రక్షింపగోరువారికి వానిచుట్టునున్న తడిపొలములు ఆటంకములుగ తోచవచ్చును. రైతునకు ఆ శిథిలములే తన సాగునకు ఆటంకములుగ తోచవచ్చును. ఈ వివాదమున కాలువ ఏ పక్షముననున్నదో యాలోచించిన సందేహము కొంత తీరును. కాలువ గుడివలెనే నగరపు కట్టడము, నాగలివలెనే రైతు పనిముట్టు. దానిని ఎండబెట్టి కాపాడుట యనగా చంపి కాపాడుట. అట్లే బాగుచేయు నెపమున పాతరాతిపనినంతయు సిమెంటుపూతక్రింద కప్పివేయుటయు చరిత్రకు హానియే. రాళ్లను కొలిచి, పటములు వ్రాసి, పిమ్మట పూడిక తీయువాడే రెండుపక్షములకును మేలుచేసినవాడగును.

పోరుమామిళ్ల శాసనకర్త తన పట్టికలో చెరువును కట్టుటకు కావలసినవానినన్నిటిని జెప్పెను. కట్టినవాడు పోయిన వెనుక దానిని నిలుపువాడు పదుమూడవ సాధనము. విజయనగరపు లోయలో అట్టివారు తరతరములుగ నుండిరి. వారి పేళ్లు ఏ శాసనమునను లేవు, వారు పారించిన నీరు నేటికిని పారుచున్నది.